మలుపులో స్వాగతం బోర్డు

పాత రోడ్డు మీద ఒక మలుపుంది. రాత్రిపూట అక్కడ బండి ఆపకూడదంటారు.

టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీద ఈడ్చుకుంటూ పోతారు గానీ లారీవాళ్ళు అక్కడ మాత్రం ఆపరు. నిద్రొస్తుంటే ముందే ఎక్కడో దిగి ముఖం కడుక్కుంటారు. మలుపు దగ్గరకొచ్చేసరికి అద్దాలు ఎత్తేసి, పాటలు గట్టిగా పెట్టేస్తారు. ఎందుకురా బాబూ అంటే చెప్పరు. గుచ్చి గుచ్చి అడిగితే నవ్వేస్తారు. ఆ నవ్వు చూస్తే మనకి ఇంకాస్త భయం పట్టుకుంటుంది.

అక్కడ ఏముందనీ? ఏమీ లేదు... అదే అసలు గొడవ. రెండు ఇనప కాళ్ళ మీద ఒక పక్కకి ఒరిగిపోయిన స్వాగతం బోర్డుంది. దాని వెనక ఉండాల్సిన ఊరు లేదు.

ఒకప్పుడు ఉండేది. క్వారీ ఊరు. ఒక వానాకాలం రాత్రి, క్వారీవాళ్ళు ఏళ్ళ తరబడి పోగేసిన మట్టిదిబ్బ జారి కింది వీధుల మీద పడింది. నిద్రపోతున్నవాళ్ళు మళ్ళీ లేవలేదు. మిగిలినవాళ్ళు ఇళ్ళకి తాళాలేసుకుని తలో దిక్కూ పోయారు. తర్వాత దూరంగా కొత్త హైవే పడింది, ఇక దగ్గరదారి పట్టే లారీలు తప్ప అటు తొంగిచూసే దిక్కే లేకపోయింది. బోర్డు మాత్రం "స్వాగతం" అంటూ నిలబడే ఉంది. ఎవరికో మరి!

రాత్రి అక్కడ బండి ఆపి, ఇంజను కట్టేస్తే... చీకట్లోంచి ఒక గొంతు అడుగుతుందట —

"ఎవరింటికి?"

అంతే. కోపంగా కాదు, బెదిరిస్తున్నట్టూ కాదు. కొత్త మనిషి కనపడితే వీధి మొదట్లో కూర్చున్న పెద్దాయన అడుగుతాడే, అలా. నోరు మూసుకుని బండి తీసి వెళ్ళిపోతే ఏమీ కాదు. జవాబు చెబితేనే...

కూరగాయల వ్యాను డ్రైవరొకడు చెప్పాడట. నోటి దురుసు మనిషి. "మీ ఇంటికేలే, వంట చేసి ఉంచు!" అన్నాడట. తెల్లారి జనం చూస్తే స్టీరింగు ముందు కూర్చునే ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మాట లేదు. ఇప్పటికీ లేదట, పెళ్ళాం ముద్ద నోట్లో పెడితే మింగుతాడు. ఆ తెల్లారి అతని కాళ్ళకి చెప్పులు లేవు. బోర్డు కింద ఉన్నాయవి — జతగా, నీటుగా, ఎవరింటికో వచ్చి గుమ్మం బయట విడిచినట్టు.

నాకు చెప్పినవాళ్ళు చెప్పినట్టే చెబుతున్నా. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. నేను మాత్రం ఆ రోడ్డున పోను.

ఇక పెయింటరు సంగతికొద్దాం. అసలు ఏడుపంతా ఆయనది.

వయసులో ఉండగా ఆయన పని హైవే పక్కన స్వాగతం బోర్డులు రాయడం. డబ్బాలూ బ్రష్షులూ సైకిలుకి కట్టుకుని ఊరూరూ తిరిగేవాడు. నిచ్చెన మీద నిలబడి, చేతికి చిన్న కర్ర ఆనించుకుని అక్షరం రాస్తే కొలిచి గీసినట్టుండేది. తర్వాత మిషను మీద కోసి అంటించే అక్షరాలొచ్చాయి. బోర్డులన్నీ ఒకే పచ్చ రంగు, ఒకే ముఖం. ఈయన బ్రష్షులు గట్టకట్టి మూల పడ్డాయి, ఈయనా ఇంచుమించు అంతే అయ్యాడు.

మళ్ళీ లేపింది మేనకోడలు. చెల్లెలి కూతురు, చురుకైన పిల్ల. "మావయ్యా! పాత స్వాగతం బోర్డుల బొమ్మలంటే ఇప్పుడు జనం పడి చస్తున్నారు, తెలుసా? ఫోటో తీసి, మందపాటి కాగితం మీద పెద్దగా అచ్చేసి, ఫ్రేము కట్టి పంపితే హాల్లో సోఫా పైన తగిలించుకుంటున్నారు" అంది.

"ఊరి బయట ఉండాల్సిన బోర్డు ఇంట్లో ఎందుకే?"

"అందానికి."

"తుప్పు పట్టిపోయుంటాయే అవి!"

"ఆ తుప్పే కావాలంటున్నారు మావయ్యా!"

ఆయన పగలబడి నవ్వాడట. చిన్న తుప్పు చుక్క కనపడితే కంట్రాక్టరు చేత తిట్లు తిన్న మనిషి మరి. అయినా సరేనన్నాడు. కింద గదిలో ప్రింటరు, గోడ వారగా ఫ్రేము చెక్కలు, పై గదుల్లో కాపురం. ఆయన తిరిగి తిరిగి ఫోటోలు తెచ్చేవాడు, పిల్ల కంప్యూటర్లో పెట్టి అమ్మేది. ఎవరెవరి ఇళ్ళల్లోనో, ఎక్కడెక్కడి ఊళ్ళవో స్వాగతాలు వేలాడేవి.

ఆ ఫోటోలకో పద్ధతుంది. పగలు తీస్తే పాత బోర్డు పాత రేకులాగే పడుతుంది. అప్పట్లో రంగు పచ్చిగా ఉండగానే దాని మీద సన్నటి గాజుపూసల పొడి చల్లేవారు, రాత్రి బండి లైటు పడితే అక్షరాలు మెరవడానికి. ఆ మెరుపు పక్కవాడికి కనపడదు. లైటు ఎక్కణ్ణుంచి వస్తుందో అక్కడున్న కంటికే కనపడుతుంది. అందుకని ఆయన రాత్రే వెళ్ళి, వ్యాను హెడ్‌లైట్లు వేసి, వాటి మధ్యన నిలబడి తీసేవాడు. కొడిగట్టిన అక్షరాలు కూడా అప్పుడు ఒక్కసారి లేచొచ్చేవి.

బాగానే ఉంది కదా, ఇందులో ఏడుపేముందంటారా? ఆయన భార్య.

ఆవిడకి మతి పోవడం మొదలైంది. మొదట స్టవ్వు మీద పాలు మర్చిపోయింది. తర్వాత వీధి మర్చిపోయింది. తర్వాత మేనకోడల్ని "ఎవరమ్మా నువ్వు, చక్కగా ఉన్నావు" అని అడిగింది. అందరూ నవ్వుకున్నారు, ఆయన కూడా. ఒకరోజు పొద్దున్న ఆయన కాఫీ పట్టుకెళితే మర్యాదగా సర్దుకుని కూర్చుని, "మీరెవరు బాబూ? మా వాళ్ళు లేరా?" అంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రమయ్యేసరికి బట్టలు మూట కట్టుకుని గుమ్మంలో కూర్చునేది. "డ్రైవరు గారూ, చీకటి పడుతోంది. నన్ను మా ఊరు దింపెయ్యరూ?" అని అడిగేది. ఆ డ్రైవరు ఈయనే. రేపు వెళదామండీ, బండి బాగు చేయిస్తున్నానండీ అంటూ కట్టుకున్న భార్యని బతిమాలుకునేవాడు. మూట విప్పి, బట్టలు మడిచి మళ్ళీ బీరువాలో పెట్టేవాడు. మర్నాడు మళ్ళీ అదే మూట.

ఆవిడ ఊరు ఏదో మీకు తెలిసిపోయే ఉంటుంది.

అవును, ఆ క్వారీ ఊరే. మలుపు దగ్గర ఆవిడ తండ్రి టైలరు కొట్టుండేది. ఈయన అక్కడ బోర్డు రాయడానికి వెళ్ళినప్పుడే ఆ టైలరు కూతుర్ని చూశాడు. రెండు పూటల్లో అయ్యే పనిని సాగదీసి సాగదీసి రాశాడట. ఒక అక్షరం రాయడం, సరిగ్గా రాలేదని తుడిచెయ్యడం! ఊరంతా నవ్వుకున్నారు. చివరికి పిల్లనిచ్చి పంపించారు. మట్టిదిబ్బ జారిన రాత్రి ఆవిడ భర్త దగ్గరుంది కాబట్టి మిగిలింది. తండ్రీ తల్లీ ఆ కిందే ఉండిపోయారు.

పెయింటరు బాధల్లా ఒక్కటే. "ఏవండీ" అని ఆవిడ పిలిచే పిలుపు పోయింది. ఇల్లు మర్చిపోయింది సరే, వీధి మర్చిపోయింది సరే... ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పిలుపు వింటే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ అనుకునేవాడు. మేనకోడలితో అనేవాడు కూడా. అంత పెద్దమనిషి అలా అంటుంటే ఆ పిల్ల ముఖం తిప్పుకునేది.

ఒకనాడు ఆయనకో ఆలోచనొచ్చింది. తనకి దొరికిన ఆలోచనల్లో అదే గొప్పదనుకున్నాడు పాపం.

"మీ అత్తకి ఆ బోర్డు చూపిస్తానే. పగలు కాదు, రాత్రి, లైట్లేసి. అప్పుడెలా మెరిసేదో అలా చూస్తే తనకి ఆ రోజులు గుర్తొస్తాయి. ఆ రోజులొస్తే నేనూ వస్తాను కదా!"

"వద్దు మావయ్యా. ఆ చోటు మంచిది కాదంటారు."

"నేను రాసిన బోర్డే అది. నన్నేం చేస్తుంది?"

బోర్డు ఏమీ చేయదనుకోండి...

ఆ రాత్రి ఆవిణ్ణి వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టి, శాలువా కప్పి, బెల్టు పెట్టాడు. ఎక్కడికి బాబూ అంటే మీ ఊరికే అన్నాడు. ఆవిడ సంతోషం చూడాలి! మూట ఒళ్ళో పెట్టుకుని దారంతా బయటికే చూస్తూ కూర్చుంది.

మలుపుకి ముందు ఆఖరి టీ కొట్టు దగ్గర ఆగారు. కొట్టావిడ గ్లాసు అందిస్తూ ఎటు వెళుతున్నారని అడిగింది. ఈయన చెప్పాడు. కొట్టావిడ చెయ్యి ఆగిపోయింది.

"బాబాయ్ గారూ... అక్కడ ఆపితే ఇంజను మాత్రం కట్టెయ్యకండి. ఏం వినపడినా పలకొద్దు." గొంతు బాగా తగ్గించి, వ్యాను వైపు చూసింది. "ఆవిణ్ణి కూడా పలకొద్దని చెప్పండి."

"నా మాటకే పలకదమ్మా ఆవిడ" అన్నాడు పెయింటరు.

రోడ్డు ఎక్కడికక్కడ లేచిపోయింది. రెండు పక్కలా ముళ్ళకంపలు. మలుపు తిరగ్గానే హెడ్‌లైట్లు ఎదురుగా బోర్డు మీద పడ్డాయి —

మెరిసింది.

సగం అక్షరాలు తుప్పు తినేసింది. కానీ గాజుపొడి నిలిచిన చోటల్లా భగ్గుమని వెలిగింది. "స్వా" నిండుగా ఉంది. "గ" సగమే. తర్వాతదంతా గీతలూ చుక్కలూ. అయినా అది తన చేతిరాతే.

ఆవిడ ముందుకి వంగి చూస్తోంది. కళ్ళు పెద్దవి చేసుకుని.

"గుర్తొచ్చిందా? చూడు... ఎవరు రాశారో చెప్పు?"

"అబ్బ! ఎంత బాగా మెరుస్తోందో!" అంది ఆవిడ. ఆ గొంతు... అది జబ్బు మనిషి గొంతు కాదు. వయసులో ఉన్న పిల్ల గొంతు.

పెయింటరు గుండె ఆశతో కొట్టుకుంది. ఇంకాసేపు, ఇంకాసేపుంటే వచ్చేస్తుంది అనుకున్నాడు. ఈలోపు ఒక్క ఫోటో తీసుకుందామనిపించింది. ఆ పనివాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆవిడ దిగిపోకుండా తలుపు లాక్ చేశాడు. కెమెరా తీసుకుని వ్యాను ముందుకొచ్చి, లైట్ల మధ్యన నిలబడ్డాడు. ఇంజను ఆడుతుంటే బండి వణుకుతోంది, ఆ వెలుగు అదిరిపోతోంది, బొమ్మ చెదురుతోంది. విసుక్కుంటూ డ్రైవరు తలుపులోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు.

ఇంజను ఆగింది.

కీచురాళ్ళు కూడా ఆగిపోయాయట. ఆ నిశ్శబ్దంలో ఆయన ఫోటో తీశాడు. కెమెరా టక్కుమంది. అప్పుడు, బోర్డు వెనకనుంచి...

"ఎవరింటికి?"

పెయింటరు కొయ్యబారిపోయాడు. భయపడి కాదు. ఆ గొంతు ఆయనకి తెలుసు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే మనిషి గొంతు అది. మాట సగం లోపలే ఉండిపోతుంది. మామగారు, టైలరు. దారిన పోయే ప్రతివాణ్ణీ కొట్లోంచే అలా అడిగి, ఇంటి గుర్తులు చెప్పి పంపే మనిషి.

టీ కొట్టావిడ మాట గుర్తొచ్చింది. పలకకూడదు. తను పలకలేదు. కానీ... వ్యాను అద్దం కొంచెం దించి ఉంది.

పరిగెత్తాడు. అద్దం దగ్గరికి చేరేసరికే ఆవిడ నవ్వుతోంది.

"మనింటికే నాన్నా! ఇంకెవరింటికి?"

"ఇంత పొద్దుపోయిందేమే?"

"ఏం చేయను నాన్నా, బండి దొరకలేదు."

"ఆ పక్కనెవరూ?"

ఆవిడ తల తిప్పి ఆయన వైపు చూసింది. ఎప్పట్లా చూపు జారిపోలేదు. కళ్ళలోకి సూటిగా చూసింది, ఎన్నాళ్ళకో. పెయింటరు అద్దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. భయం, జాగ్రత్త, అన్నీ పోయాయి. వస్తోంది, ఇప్పుడొచ్చేస్తోంది ఆ పిలుపు!

"చెప్పు..." గుసగుసగా అన్నాడు. "నేనెవరో చెప్పవే..."

ఆవిడ ముఖం విప్పారింది. గుర్తుపట్టింది. నిజంగానే గుర్తుపట్టింది.

"ఈయనా? బోర్డు రాసే ఆయన నాన్నా."

"మనవాడేనా?"

"ఛ, కాదు. పని మీదొచ్చారు. పనైతే వెళ్ళిపోతారు."

 

"అయితే ఆయన పని ఆయన్ని చేసుకోనీ. నువ్వు రా, మీ అమ్మ చూస్తోంది."

ఆవిడ ఒళ్ళో మూట సర్దుకుంది. ఈయన వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా అంది — "మీరు కానివ్వండి. పనవ్వగానే నేనే వచ్చి పిలుస్తాను."

హెడ్‌లైట్లు మసకబారాయి. ఎర్రబడ్డాయి. ఆరిపోయాయి.

చీకట్లో ఎవరివో అడుగులు... కంకర మీద, తేలిగ్గా, గబగబా, ఇంటికి వెళుతున్న అడుగులు.

మళ్ళీ లైట్లు వాటంతటవే వెలిగాయి. ఆవిడ సీట్లోనే ఉంది. బెల్టు పెట్టే ఉంది, తలుపు లాక్ చేసే ఉంది. ఊపిరి ఆడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటిలో మాత్రం ఎవరూ లేరు. ఆయన వంగి ఆవిడ కాళ్ళ వైపు చూశాడు. ఉత్త పాదాలు. తిరిగి చూస్తే ఆవిడ చెప్పులు బోర్డు కింద ఉన్నాయి. జతగా, ముందు భాగం ఊరి వైపు పెట్టి.

"మామయ్యగారూ!" అని అరిచాడు పెయింటరు. "నేనండీ, మీ అల్లుణ్ణి! మీ ఇంటికే వచ్చానండీ, నేనూ మీ ఇంటికే!"

పలకకూడదని తెలిసే అన్నాడు. కావాలనే అన్నాడు. బోర్డు దాటి ముళ్ళల్లో పడి పరిగెత్తాడు, "మీ ఇంటికే, మీ ఇంటికే" అంటూ మట్టిదిబ్బ మొదలుదాకా పోయి గోళ్ళతో గీరాడు. కానీ ఆయన్ని ఎవరూ అడగలేదు కదా. అడగందే చెప్పిన జవాబుకి ఏ విలువుంటుంది? కీచురాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

డాక్టరు చూసి, "ఈ జబ్బు ఇంతేనండీ. ఒక్కోసారి ఉన్నట్టుండి ఒక మెట్టు దిగిపోతారు" అన్నాడు. ఆ చెప్పులో? దారిలో టీ కొట్టు దగ్గర దిగినప్పుడు విడిచి ఉంటారన్నాడు. మెత్తటి మనిషి, ఆయన్నేమీ అనలేం. మేనకోడలు కూడా అదే నమ్మింది. నమ్మకపోతే ఆ ఇంట్లో నిద్రపట్టదు.

ఆవిడ ఇక మూట కట్టుకోలేదు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చోలేదు, డ్రైవరు గారూ అని పిలవలేదు. కూర్చోబెడితే కూర్చునేది, పడుకోబెడితే పడుకునేది. రోజూ ప్రాణాలు తోడేసే ఆ మూట కోసం, ఆ "డ్రైవరు గారూ" కోసం ఆయన ఇప్పుడు అల్లాడిపోయాడు. రాత్రిళ్ళు ఒక్కడే వ్యాను తీసుకుని మలుపు దగ్గరకెళ్ళి, ఇంజను కట్టేసి కూర్చునేవాడు. ఎంతమందినో అడిగిన ఆ గొంతు ఈయన్ని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తెల్లారాక తిరిగొచ్చి ఆవిడకి పాలు పట్టేవాడు.

కొన్నాళ్ళకి ఒక తెల్లవారుజామున ఆ ఊపిరి కూడా ఆగింది.

అందరూ వచ్చారు, ఏడ్చారు, వెళ్ళారు. ఆయన ఏడవలేదు. కింద గదిలోకి దిగి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ రాత్రి తీసిన ఫోటో తెరిచాడు.

"తిండి తిను మావయ్యా" అంది మేనకోడలు.

"పనుందే. ముందు పనవ్వాలి."

పనవ్వగానే వచ్చి పిలుస్తానంది కదా! మరి ఆవిడ దృష్టిలో బోర్డు ఇంకా పూర్తి కాలేదు. అదొక్కటే పట్టుకున్నాడు మనిషి. మామూలుగా అయితే ఆ ఫోటోల్లో తుప్పు ఉంచి, మరకలు మాత్రం తీసి అచ్చేస్తారు. ఈయన తుప్పంతా తీసేశాడు. పోయిన అక్షరాలు కాగితం మీద బ్రష్షుతో మళ్ళీ రాసి, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కొక్కటీ దాని చోట కూర్చోబెట్టాడు.  రాసింది చింపేసేవాడు, మళ్ళీ రాసేవాడు. మొదటిసారి కావాలని సాగదీశాడు, ఈసారి చెయ్యి రాక సాగింది. అప్పటి నీలం ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ గంటలు గంటలు కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మేనకోడలు గుమ్మంలో నిలబడి చూసి పైకి వెళ్ళిపోయేది.

ఒక మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ బోర్డు రాసిన రోజున ఎలా ఉందో అలా, తడి ఆరని రంగులా తెర మీద నిలబడింది. ఆయన కుర్చీలోనే తల వాల్చేశాడు. ఎన్ని రాత్రుల నిద్రో... మర్నాడు ఎండెక్కేదాకా లేవలేదు.

లేచేసరికి మేనకోడలు నవ్వు ముఖంతో ఎదురొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్విందా పిల్ల.

"మావయ్యా, ఎంత బాగా వచ్చిందో! కొత్తిల్లు కట్టుకున్నవాళ్ళు పెద్ద బోర్డు కావాలని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారుగా? నిన్నే అచ్చేసి, ఫ్రేము కట్టి పంపించేశాను. రాత్రే తగిలించేసుకున్నారట కూడా!"

 ఆ పిల్ల మంచికే చేసింది. ఆయన ఇంకోటి అచ్చేసుకున్నాడు, అన్నిటికన్నా మంచి కాగితం మీద. ఆవిడ మంచానికి ఎదురుగా గోడకి తగిలించాడు. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఆ మంచం అంచున కూర్చున్నాడు. లైటు తీసేసి చేతిలో టార్చి పట్టుకున్నాడు.

రాత్రంతా కూర్చున్నాడు. మర్నాటి రాత్రి కూడా. ఆ పై రాత్రులు కూడా. కాగితం కదా, అది మెరవదు. ఇంట్లో ఎక్కడా చిన్న అలికిడి లేదు.

ఫోను ఒక పొద్దున్న మోగింది. మేనకోడలు బయటికెళ్ళింది, ఆయనే ఎత్తాడు. అవతల ఒకావిడ, మాటలో చిరాకు.

"బోర్డుల బొమ్మలు అమ్మేది మీరేనాండీ? మొన్న మా కొత్తింటికి ఒకటి పంపారు. దాన్ని మార్చి ఇంకేదైనా పంపుతారా? పూలో, పడవలో, ఏదో ఒకటి. అది మా ఇంట్లో వద్దండీ."

"ఏమైందమ్మా? విరిగిందా?"

"విరగలేదు. ఎలా చెప్పాలో తెలీడం లేదు, మీరు నవ్వకూడదు మరి." గొంతు తగ్గింది. "తగిలించిన మొదటి రాత్రే... హాల్లోంచి ఎవరో 'ఏవండీ' అని పిలిచారండీ. నేనే పిలిచాననుకుని మావారు లేచెళ్ళారు. చూస్తే ఆ బోర్డు పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉందట. ఉత్త కాళ్ళతో. మా తలుపులన్నీ వేసే ఉన్నాయండీ!"

పెయింటరు గోడకి ఆనుకున్నాడు.

"ఏమందమ్మా?"

"'బోర్డు రాసినాయన ఉన్నారా? పనైపోయిందిగా, తీసుకెళదామని వచ్చాను' అందట. ఎంత మర్యాదగా అడిగిందో అంటున్నారు మావారు."

"మీరు... మీవారు ఏం చెప్పారు?"

"ఆయన నిద్రమత్తులో ఉన్నారండీ. ఎవరో ఇల్లు తప్పి వచ్చారనుకున్నారు. 'ఆయనెవరూ ఇక్కడ లేరమ్మా' అని చెప్పేశారు."

"తర్వాత?"

"తర్వాతేముందండీ... 'అయితే వెళ్ళిపోయారన్నమాట' అందట. కాసేపు అక్కడే నిలబడి, వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు."